మొదటి వరుస కుర్చీలోంచి ఒక తాండూరు పెళ్ళి

నా బతుకుతెరువు పెళ్ళిళ్ళు. చేసుకోవడం కాదు, ఫోటోలు తీయడం. వికారాబాద్‌లో స్టేషన్‌కు దగ్గర్లో నాకో చిన్న స్టూడియో ఉంది. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళిళ్ళు, లేని నెలల్లో పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పుట్టినరోజులు, అనంతగిరి కొండల మీద కాబోయే జంటల షూటింగులు. రెండేళ్ళ కిందట ఒక వానాకాలం, ఆ కొండల మీద పొగమంచులో ఒక జంటను రకరకాలుగా నిలబెట్టి, కూర్చోబెట్టి, పరుగెత్తించి ఇంటికొచ్చాను. మా ఆయన చాయ్ ఇస్తూ "మంచు ఎట్లుండె పైన?" అని అడిగాడు. నేను చూడనే లేదు. రోజంతా మంచులోనే ఉన్నాను కానీ, అది నాకు వెనకాల కట్టిన గుడ్డ మాత్రమే అయిపోయింది. చాలా సిగ్గేసింది. మర్నాటి నుంచి రోజుకొక ఫోటో మొదలుపెట్టాను. ఎవరూ అడగనిది, ఎవరూ డబ్బివ్వనిది, నాకోసం తీసుకునేది.

దానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పని కెమెరా ముట్టుకోకూడదు. సంచిలో పాత చిన్న కెమెరా ఒకటి పడి ఉంటుంది. దాని వెనక తెర ఎప్పుడో పగిలిపోయింది, ఏం తీశామో అందులో కనిపించదు. దాంతో రోజుకు ఒక్కటంటే ఒక్క క్లిక్. సాయంత్రం స్టూడియోకొచ్చి కంప్యూటర్‌లో వేసుకున్నాకే ఏం పడిందో తెలుస్తుంది. పెళ్ళిలో మూడు వేల ఫోటోలు తీసే రోజున కూడా ఆ చిన్నదానికి ఒక్కటే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు దాన్నెందుకు మోస్తావని మా ఆయన వెక్కిరిస్తాడు. మోస్తూనే ఉన్నాను. ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటిది ఎలా కుదురుతుందని ఈ బ్లాగులో కొందరు అడుగుతున్నారు, తాండూరు ఒక్కరోజులో చూసి రావచ్చా అని ఇంకొందరు అడిగారు. మొన్న మాఘమాసంలో నాకు ఆ రెండూ ఒకే రోజున కుదిరాయి కాబట్టి, ఆ రోజు సంగతే చెబుతాను.

వికారాబాద్ నుంచి తాండూరు నలభై కిలోమీటర్లకు కొంచెం అటూఇటూ ఉంటుంది. బస్సులో వెళ్తే ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు, అంటే ఉచితం, కానీ గంటకు పైనే పడుతుంది. ప్యాసింజర్ రైలు టికెట్టు ఇరవై రూపాయల్లోపే, ముప్పావు గంటలో దింపేస్తుంది, సంచులు పెట్టుకోవడానికి చోటుంటుంది. నేను పొద్దున ఏడు దాటాక రైలెక్కాను. కిటికీ బయట కంది కోసేసిన చేలు, పచ్చగా శనగ చేలు, వాటి మీద తేలిపోతున్న పల్చటి మంచు. ఈసారి మంచును చూశాను, మా ఆయన అడిగితే చెప్పగలను. ధారూర్‌లో ఒక పెద్దామె పచ్చిశనగ కట్టలున్న గంపతో ఎక్కి, నా ఎదురుగా కూర్చుని, నా సంచుల వైపు కాసేపు అనుమానంగా చూసింది.

"గంత పెద్ద సంచులల్ల ఏమున్నది బిడ్డా?"

"కెమెరాలమ్మా. తాండూర్ల లగ్గమున్నది, ఫోటోలు దియ్యనీకె పోతున్న."

"ఆడిపిల్లవు, నువ్వే దీస్తవా? ఒక్కదానివే?" అని ఆమె పక్కనున్నవాళ్ళందరి వైపూ తిరిగి చూసింది, వాళ్ళు కూడా విన్నారో లేదోనని. "మస్తున్నది పో. ఇగో, తిను." ఒక కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "పొద్దుగాల్ల బోణీ గాకముందు పెట్టిన చెయ్యి ఇది, పైసలు దీస్కుంటె బాగుండదు" అంది. నేను శనగలు ఒలుచుకుని తింటూ, మట్టి అంటిన ఆమె వేళ్ళ వైపు చూస్తూ చిన్న కెమెరా మీద చెయ్యి వేశాను. మళ్ళీ తీసేశాను. ఇంకా రోజు మొదలే కాలేదు, ఉన్న ఒక్క క్లిక్కూ ఇక్కడే ఖర్చు పెడితే ఎలా అని లోభం పుట్టింది. రోజుకో ఫోటో తీసేవాళ్ళకు పట్టే మొదటి జబ్బు ఇదే.

తాండూరు స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు ఖాజా. పెళ్ళికూతురు ఇంటికి ఎనభై రూపాయలన్నాడు, దారిలో ఒకచోట ఆపాలంటే ఇంకో ఇరవై అన్నాడు, ఒప్పుకున్నాను. ఆ ఆపాల్సిన చోటు బండలు పాలిష్ చేసే కార్ఖానాలు. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో నీలంగా, బూడిద రంగుగా నున్నటి నాపరాయి ఉంటే, అది చాలావరకు ఈ దిక్కు నుంచి వచ్చిందే అయి ఉంటుంది. రోడ్డుకు రెండు వైపులా పలకలు పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. యంత్రం కింద రాయి తడుస్తుంటే తెల్లటి నీళ్ళు కాలవ కట్టి పారుతుంటాయి. అప్పుడే పాలిష్ అయి వచ్చిన ఒక తడి బండలో ఆకాశం మొత్తం పడింది. మళ్ళీ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. అంతలో ఖాజా అటు పోతున్న లారీ డ్రైవర్ను "తిండి ఆయ్తా?" అని కన్నడంలో కేకేసి పలకరించాడు, టిఫినయిందా అని. నేనటు తిరిగి చూసి ఇటు తిరిగేలోపు బండ ఆరిపోయింది.

"ఇంటి కింద బండ మా దిక్కుదే, ఇంటి మీద సిమెంటు గుడ మా కరణ్‌కోట ఫ్యాక్టరీదే మేడం" అన్నాడు ఖాజా, ఆటో తిప్పుతూ. "మా ఇల్లొక్కటే ఇంక రేకులది." అని తనే గట్టిగా నవ్వాడు.

పెళ్ళికూతురు పేరు మౌనిక. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మా నాన్నా ఒకప్పుడు బండల గనుల్లో పనిచేసి, ఇప్పుడు తాండూరులో హార్డ్‌వేర్ దుకాణం నడుపుకుంటున్నారు. ఇంటికి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. లోపల జడ వేస్తున్నారు, పూలు గుచ్చుతున్నారు, ఎవరి గొలుసో కనిపించక ఒకటే పరేషాన్. ఆ హడావిడి ఏమీ పట్టనట్టు అరుగు మీద ఒక ముసలమ్మ కొత్త చీర కట్టుకుని, కళ్ళకు పెద్ద నల్లద్దాలు పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. మౌనిక వాళ్ళ నాయనమ్మ, నర్సమ్మ. నన్ను చేత్తో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఫోటోలు దీసే పిల్లవు నువ్వేనా? జర ఒక మాట ఇను. నా కంట్ల మోతిబిందు పొర వచ్చి మస్తు దినాలాయె. డాక్టరు కోస్తనంటడు, నాకు కత్తంటేనే గుండె జారుతది. గీ లగ్గం కుదిరిందన్నంక నేనే పోయి కోయించుకున్న. మా మౌనిక అమ్మ, నాయిన గనికి పోతుండిరి, దీన్ని నేనే సాదిన. దీని నెత్తిమీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు దీని మొకం జూడాలె. గంతే. ఇంకేం అడగ నేను."

"నువ్వు ఫికర్ చెయ్యకు అవ్వా, ఆ ఫోటో మస్తుగ దీస్త. పెద్దగ చేయించి ఇస్త" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. ఆమె అడిగింది ఫోటో కాదని అప్పుడు నాకు తట్టలేదు.

ముహూర్తం పదకొండు దాటాక. ఫంక్షన్ హాలు ఊరి చివర, ఇంటి నుంచి పది నిమిషాలు. పెళ్ళిళ్ళకు వెళ్ళని వాళ్ళుండరు కాబట్టి మన హాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఎత్తు స్టేజీ, దాని మీద మండపం, పక్కన పెద్ద ఎల్ఈడీ తెర. మెట్లు నిలువుగా ఉన్నాయి, నర్సమ్మ మోకాళ్ళు వాటిని ఎక్కలేవు. అందుకని ఆమె అందరికన్నా ముందే వచ్చి మొదటి వరుసలో మండపానికి సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీ పట్టుకుంది. ముహూర్తం దగ్గరపడింది. వధూవరుల మధ్య తెర పట్టారు. జీలకర్ర, బెల్లం ముద్ద తమలపాకులో సిద్ధంగా ఉంది. ఇక్కడ నా వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. గట్టిమేళం మోగగానే ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు ఆ ముద్ద పెడతారు, తెర దిగుతుంది, మొదటిసారి చూసుకుంటారు. రెప్పపాటులో అయిపోతుంది, మళ్ళీ చేయించడానికుండదు. ఆ ఒక్క ఫోటో పోయిందంటే మిగతా మూడు వేలూ బూడిదలో పోసిన పన్నీరే. అందుకే మేం ముందే వెళ్ళి మండపం ముందు గోడ కట్టినట్టు నిలబడతాం. నేను, నా పక్కన వీడియో తీసే యాదగిరి, అతని పక్కన లైటు పట్టుకున్నతను, మా వెనక ఫోన్లు ఎత్తిన మేనమామలు, పిన్నమ్మలు.

వెనక నుంచి ఎవరో నన్ను పిలిచినట్టనిపించి తిరిగి చూశాను. స్టేజీ కింద నర్సమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి, అటు ఒరిగి ఇటు ఒరిగి, సందుకోసం వెతుకుతోంది.

"బిడ్డా, నీ ఈపు మంచిగనే ఉన్నది" అంది, నవ్వకుండా. "గని నేను నీ ఈపు చూడనీకె రాలే."

పక్కనున్న బంధువొకాయన సర్దిచెప్పబోయాడు. "అవ్వా, గా పెద్ద టీవీల జూడు, అన్ని కనవడ్తయి."

"టీవీల చూసెటందుకు కన్ను కోయించుకున్ననా రా?"

నేను ఒక అడుగు పక్కకు జరిగాను. ఆ సందులోకి వెంటనే ఒక పిన్నమ్మ ఫోను పట్టుకుని దూరింది. ఇటు పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. ఒక్కదాన్ని జరిగితే కాదని అర్థమైంది. "యాదగిరీ, కూసుందాం. అందరం కూసోవాలె" అన్నాను. అతను నాకు పిచ్చెక్కిందేమోనన్నట్టు చూశాడు. "కూసుంటె ఏమొస్తది మేడం, పంతులు ఈపు వస్తది. రేపు వీళ్ళు నన్నడుగుతరు, నిన్నడుగుతరు." అతను చెప్పింది నిజం. కింద నుంచి తీస్తే ముఖాలు రావొచ్చు, రాకపోవచ్చు. అయినా ఆ నల్లద్దాల ముఖం ఇంకా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. నేను చెప్పులు లేని కాళ్ళతో అక్కడే చతికిలబడ్డాను. కానీ నేనొక్కదాన్నే. మిగతా గోడ కదల్లేదు.

అప్పుడు తెరకు ఇటుపక్క నుంచి పెళ్ళికూతురి గొంతు వినిపించింది. తల వంచుకుని, కళ్ళు దించుకుని, పీటల మీద పెళ్ళికూతురు ఎలా ఉండాలో అలాగే ఉంది. గొంతు మాత్రం ఆసుపత్రి వార్డులోది. "ఫోటో అక్క చెప్పినట్టు అందరు కూసోండ్రి! మా నాయినమ్మకు కనవడాలె! లేకుంటె నేను పెట్టను జీలకర్ర!"

మేనమామలు కూర్చున్నారు, పిన్నమ్మలు కూర్చున్నారు, యాదగిరి గొణుక్కుంటూ స్టాండు కాళ్ళు కుదించాడు. తెరకు అటుపక్కనున్న పెళ్ళికొడుకు పాపం ఇంకా ముఖం కూడా చూడకుండానే ఆమె ఎవరో తెలుసుకున్నాడు. గట్టిమేళం మోగింది. చేతులు లేచాయి, తెర దిగింది. నేను తీస్తూనే ఉన్నాను. పంతులుగారి మోచెయ్యి పెళ్ళికొడుకు గడ్డాన్ని సగం మింగేసింది. పైగా మౌనిక ముందు అతన్ని చూడలేదు. నా తల మీదుగా, స్టేజీ కిందికి చూసింది. వెనక్కి తిరిగితే నర్సమ్మ నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తేసుకుని ఉంది. డాక్టరు తీయొద్దన్నాడని పక్కన ఎవరో మొత్తుకుంటున్నారు. ఆమె వినడం లేదు. ఆమె రెండు చేతులూ గాలిలోకి లేచి ఉన్నాయి, అక్షింతలు వేయడం కూడా మరిచిపోయి.

పుస్తె కట్టాక, తలంబ్రాలయ్యాక భయం భయంగా మౌనిక వాళ్ళ నాన్నకు పని కెమెరాలో ఆ ఫోటో చూపించాను. మోచెయ్యి గురించి ముందే చెప్పేశాను. ఆయన కాసేపు చూసి, "మా అమ్మ చూసిందా, లేదా? గది చెప్పు" అన్నాడు. చూసిందన్నాను. "ఇంకేంది మరి. పా, అన్నం తిను" అని నన్ను బంతి దగ్గరికి పంపాడు. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు. పప్పు ఇంకొంచెం అడిగితే వంటామె గరిటె నిండా పోసి, "ఎంతైనా తిను, గిది మా ఊరి పప్పు, పట్నంల గిట్ల ఉడకదు" అంది. తాండూరు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు బజార్లో రెండు కిలోల కందిపప్పు తెచ్చుకుంటారు, నేనూ తెచ్చుకున్నాను. కృతజ్ఞత అనే మాట నేను ఎక్కువగా వాడను కానీ ఆ బంతిలో కూర్చుని నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. పప్పు వేడికి అని సర్దుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు క్లిక్ ఇంకా మిగిలే ఉంది. ఎవరిని తీయాలో ఇప్పుడు తెలుసు. చిన్న కెమెరా తీసుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. స్టేజీ మీద ఉంగరాలాట మొదలైంది, యాదగిరి వీడియో తీస్తున్నాడు, ఇంకో పది నిమిషాలు నాకు పని లేదు. నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నన్నేం దీస్తవు, నల్లద్దాలు బెట్టుకొని దొంగ లెక్కున్న. ఇటియ్యి, నేను కొడ్త."

"అవ్వా, దీంట్ల దినానికి ఒక్కటే కొట్టాలె. రెండోది లేదు."

"ఒక్కటి సాలదా? జీలకర్ర బెల్లం ఎన్నిసార్లు పెట్టిండ్రు?"

ఎక్కడ నొక్కాలో చూపించి కెమెరా ఇచ్చేశాను. ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఉంగరాలాట చూశాను. బిందెలో మౌనిక చెయ్యి, పెళ్ళికొడుకు చెయ్యి. ఉంగరం మౌనికకే దొరికింది. రెండోసారి కూడా ఆమెకే. మూడోసారి పెళ్ళికొడుకు మోచేతి దాకా బిందెలో ముంచేసినా ఆమెకే. హాలంతా నవ్వింది, నేనూ పడీపడీ నవ్వాను. నర్సమ్మ కెమెరా వెనక్కి ఇచ్చి, "కొట్టిన" అంది. ఏం తీసిందో నేను అడగలేదు. ఉంగరాలాటే అయి ఉంటుందనుకున్నాను.

ఐదింటి ప్రాంతంలో తిరుగు రైలెక్కాను. తాండూరు నుంచి సాయంత్రం వికారాబాద్ వైపు రైళ్ళు బాగానే ఉంటాయి, కానీ పెళ్ళిళ్ళ రోజుల్లో సీటు ఆశించకండి. తలుపు పక్కన సంచుల మీద కూర్చుని వచ్చాను. స్టూడియోలో కార్డు కంప్యూటర్‌లో పెట్టాను. ఒకే ఒక్క ఫోటో. కొంచెం వంకర, ఒక మూల నర్సమ్మ వేలు నీడ. అందులో పెళ్ళి లేదు, బిందె లేదు, మౌనిక లేదు. నేనున్నాను. నేలమీద కూర్చుని, పని కెమెరా ఒళ్ళో పెట్టుకుని, తల పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతూ మండపం వైపు చూస్తున్నాను. గురి తప్పిందేమోనని మర్నాడు, ఇంకా పుట్టింట్లోనే ఉన్న మౌనికకు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాను. ఆమె పక్కకు తిరిగి నాయనమ్మను అడిగింది. ఫోన్లో నర్సమ్మ గొంతు దూరంగా వినిపించింది. "లగ్గం నేను చూసిన గద, మల్ల ఫోటో ఎందుకు? ఆ పిల్ల పొద్దుగాల్ల సంది అందర్ని దీసుడే గని, దాన్నెవ్వలన్న దీసిండ్రా?"

ఇన్నేళ్ళలో వందల పెళ్ళిళ్ళకు వెళ్ళాను. ప్రతి పెళ్ళిలోనూ అందరికన్నా ముందు నిలబడ్డాను, అందరికన్నా దగ్గరగా. ఆ ఫోటో చూసుకుంటుంటే తెలిసింది, వాటిలో ఒక్క పెళ్ళి కూడా నేను చూడలేదు. మౌనిక పెళ్ళి చూశాను. అది కన్ను కోయించుకుని వచ్చిన నర్సమ్మ నాకిచ్చింది. స్టూడియో గోడ మీద ఎప్పుడూ వధూవరుల పెద్ద ఫోటోలే ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య ఆ వంకర ఫోటో కూడా ఉంది. ఎవరు తీశారమ్మా, గురి తప్పింది కదా అని పాస్‌పోర్ట్ ఫోటోలకు వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. కన్ను ఆపరేషన్ చేయించుకున్నామె తీసింది, గురి తప్పలేదు అని చెబుతాను.

పెళ్ళి ఫోటోలకు వెళ్ళేవాళ్ళకైనా, ఊరికే ఫోను పట్టుకుని వెళ్ళేవాళ్ళకైనా నేను చెప్పగలిగే చిట్కా ఒకటే. హాలుకు ముహూర్తానికి ఒక అరగంట ముందే చేరండి, కెమెరా సంచి విప్పకముందు మొదటి వరుసలో ముసలివాళ్ళ కోసం వేసిన కుర్చీలో ఒకసారి కూర్చోండి. అక్కడి నుంచి పీటలు కనిపించాలంటే మీరు ఎక్కడ ఉండకూడదో చూసుకుని, అప్పుడు లేవండి.